కాల్ బుక్కులో లేని నిద్ర

"ఆకలి రుచి ఎరగదు, నిద్ర సుఖమెరగదు" అన్న సామెతలో మొదటి సగంతో నాకు పేచీ లేదు. రెండో సగాన్ని మాత్రం, తలగడ మీద తల ఆనగానే గుర్రుపెట్టే అదృష్టవంతుడెవరో కట్టి వుంటాడని నా అనుమానం. నిద్ర వచ్చినవాడికి సుఖం అక్కర్లేదు, నిజమే. కటికనేల మీదైనా, రైల్వే ప్లాట్‌ఫారం మీదైనా తువ్వాలు పరుచుకుని పడుకుంటాడు. మరి రానివాళ్ళ సంగతి? పరుపూ, ఫ్యానూ, దోమతెరా అన్నీ అమర్చుకుని, రాత్రి రెండు గంటలకి గోడగడియారం చప్పుడు లెక్కపెట్టుకునే ఇల్లాలి మీద ఏ సామెతా లేదు. సామెతలు కట్టే వేళకి ఆవిడ వంటింట్లో వుండి వుంటుంది.

నిద్రకి చరిత్రేమిటని మీరు నవ్వవచ్చు. రాజులకీ, యుద్ధాలకీ చరిత్ర వుంటుంది గానీ, కళ్ళు మూసుకుని పడుకునే పనికి చరిత్రా! వుందండీ. అందులో ఒక అధ్యాయం మా గుంతకల్లులోనే జరిగింది. అనంతపురం జిల్లా మ్యాపు చూస్తే, ఉత్తరపు అంచున నాలుగు దిక్కుల నుంచీ రైలు గీతలు వచ్చి ముడిపడే చోటు ఒకటి కనిపిస్తుంది. ఆ ముడే గుంతకల్లు. మద్రాసు నుంచి బయలుదేరిన రైలు దారి ఈ మెట్టనేలల మీదుగా సాగి, 1871లో రాయచూరు దగ్గర బొంబాయి నుంచి వచ్చిన దారితో కలిసింది. తరవాత బళ్ళారి వైపూ, నంద్యాల మీదుగా బెజవాడ వైపూ, ధర్మవరం మీదుగా బెంగుళూరు వైపూ గీతలు పడ్డాయి. 1956లో డివిజను కార్యాలయం వచ్చింది. 1977లో దక్షిణ రైల్వే నుంచి దక్షిణ మధ్య రైల్వే చేతికి మారింది. ఎవరి చేతిలో వున్నా బండ్లు మాత్రం రాత్రీ పగలూ తేడా లేకుండా వస్తూనే వున్నాయి. మా వూరికి వచ్చిన చుట్టాలకి మొదటి రాత్రి కునుకు పట్టదు. మాకేమో సెలవులకి పల్లెకి వెళితే, ఆ నిశ్శబ్దానికి నిద్రపట్టేది కాదు.

రైలు రాకముందు ఈ సీమలో రాత్రికి గంటలు లేవు, ఝాములున్నాయి. రాత్రికి నాలుగు ఝాములు, ఝాముకి మూడు గంటలు. తొలిఝాము దాటాక పడకలు, తొలికోడి కూశాక కళ్ళాపి. ఎండాకాలం వస్తే మట్టిమిద్దెల మీదికి ఎక్కి ఈతచాపలు పరుచుకునేవారు. అది ఊరికే పెట్టుకున్న అలవాటు కాదు. నిద్రపట్టాలంటే ఒంటి లోపలి వేడి కొంచెం దిగాలి. వేడి దిగకపోతే మెదడు నిద్రకి తలుపు తియ్యదని ఈనాటి శాస్త్రం చెబుతుంది. పగలంతా కాగిన గదిలో వేడి ఎక్కడ దిగుతుంది? మిద్దె మీద అయితే నడిరేయికల్లా గాలి చల్లబడుతుంది. ఏడాదికి సగటున అయిదు వందల యాభై మిల్లీమీటర్ల చిల్లర వానతో బతికే జిల్లా ఇది. వాన కరువైన చోట మబ్బులేని ఆకాశానికి కరువుండదు గదా, పైన నక్షత్రాలకి కొదవ లేదు.

ఇంకో మాట. మనవాళ్ళు "ఒక నిద్ర తీసి లేచాను" అంటారు, గమనించారా? రాత్రికి ఒకటే నిద్ర అని వాళ్ళ లెక్కలో లేదు. రోజర్ ఎకిర్చ్ అనే అమెరికా చరిత్రకారుడు పాత కోర్టు కాగితాలూ, డైరీలూ తిరగేసి, పూర్వం యూరపులో జనం రాత్రిని రెండు నిద్రలుగా పంచుకునేవారనీ, నడుమ గంటో రెండు గంటలో మేలుకుని మాట్లాడుకునేవారనీ, ప్రార్థన చేసుకునేవారనీ 2001లో రాశాడు. ప్రపంచమంతా అలాగే పడుకున్నదంటే ఒప్పుకోని పండితులూ వున్నారు. ఏమైనా, నడిరేయి మెలకువ రావడమే పెద్ద జబ్బన్న భయం ఈమధ్య పుట్టిందే. గడియారం వచ్చాక పుట్టింది.

ఆ గడియారాన్ని మా వూరికి తెచ్చింది రైలే. అప్పట్లో రైళ్ళు నడిచింది మద్రాసు కాలమానంతో. మా వూరి సూర్యుడు మద్రాసు సూర్యుడికన్నా పన్నెండు నిమిషాలు వెనక. అయినా స్టేషను గడియారం మద్రాసు మాటే వినేది. 1906లో దేశానికంతా ఒకే కాలం పెట్టాక ఆ ఎడం ఇరవై నిమిషాలు అయింది. అంటే నేటికీ గుంతకల్లులో మిట్టమధ్యాహ్నం పన్నెండుం ఇరవైకి! ఇరవై నిమిషాలతో కొంపలు మునగవు గానీ, పొద్దును బట్టి లేవడం పోయి, ముల్లును బట్టి లేవడం అలా మొదలైంది.

అందరూ ఒకే ముల్లును బట్టి లేస్తే అదీ ఒక దారే. రైల్వేలో అదీ లేదు. గూడ్సు డ్రైవరుకి, ఫైర్‌మనుకి, గార్డుకి ఇవాళ పగలు మూడింటికి డ్యూటీ, రేపు రాత్రి పదకొండుకి, ఎల్లుండి తెల్లవారి నాలుగింటికి. బండి ఎప్పుడు సిద్ధమైతే అప్పుడే పిలుపు. ఆ పిలుపు మోసుకొచ్చే మనిషి పేరు కాల్ బాయ్. పేరుకి బాయ్ గానీ, మా చిన్నప్పుడు మా వీధికి వచ్చినాయనకి నలభై అయిదేళ్ళకి తక్కువ వుండవు. చేతిలో లాంతరు, చంకలో కాల్ బుక్కు. డ్యూటీకి రెండు గంటల ముందు వచ్చి తలుపు కొట్టి, నిద్రకళ్ళతో వున్న డ్రైవరు చేత పుస్తకంలో సంతకం పెట్టించుకునేవాడు. సంతకం పడిందంటే ఆ మనిషి రైల్వేవాడు, ఇంటివాడు కాదు.

మా తాతగారు ఆవిరింజను డ్రైవరు. మా అవ్వ ఆ కాల్ బాయ్‌ని గుమ్మం దగ్గరే నిలేసేది. "ఏమప్పా, ఆయప్ప పండుకోని ఇంగా మూడు గంటలు గూడా కాలేదు గదప్పా!" అనేది. ఆయన పాపం, "నేనేం జేయాలమ్మా, బండి నిలబడుకోనుంది" అనేవాడు. ఇద్దరికీ ఆ సంభాషణ కంఠతా. ఆమె అప్పటికే పొయ్యి రాజేసి వుండేది. రెండు గంటల్లో జొన్నరొట్టెలు కాల్చాలి, చెనక్కాయల ఊరుబిండి నూరాలి, క్యారియరు కట్టాలి, సీసాలో కాఫీ పొయ్యాలి. ఆయన వెళ్ళాక మళ్ళీ పడుకుందామంటే, తెల్లారితే పిల్లల బడి. ఆయన తిరిగొచ్చి పగలు పడుకుంటే ఇంట్లో గిన్నె చప్పుడవకూడదు, పిల్లలు గొంతెత్తకూడదు, కాకి అరిస్తే తోలాలి. ఆయన నిద్రకి ఆవిడ కాపలా. ఆవిడ నిద్రకి ఎవరు కాపలా అని అడగడం ఆవిడకే తోచలేదు.

కాపలా అంటే గుర్తొచ్చింది. 1893 అక్టోబరులో గుంతకల్లు రైల్వే గేటు దగ్గర కాపలా వుండిన హంపన్న, ఇద్దరు ఆడవాళ్ళను తెల్లసోల్జర్ల బారి నుంచి కాపాడబోయి వాళ్ళ తుపాకికి బలైపోయాడు. గుత్తి వకీలు కేశవపిళ్ళె ఆ అన్యాయం మీద పట్టుబట్టి పోరాడాడు. కాల్చినవాడు కోర్టులో నిర్దోషిగా బయటపడ్డాడు గానీ, హంపన్న పేరుతో ఒక స్మారకం మిగిలింది. ఆ కథ వేరే రాయవలసినది. ఇక్కడ చెప్పవలసింది హంపన్న చేసిన ఉద్యోగం గురించి. గేటుమన్ పనిని చట్టం "నడుమ నడుమ విశ్రాంతి వుండే పని" అని వర్గం కట్టింది. 1930 నాటి రైల్వే చట్ట సవరణ మామూలు పనివాళ్ళకి వారానికి అరవై గంటలు అన్నది. ఈ నడుమ విశ్రాంతివాళ్ళకి ఎనభై నాలుగు! ఏడుతో భాగించి చూడండి. రోజుకి పన్నెండు గంటల చొప్పున వారమంతా. 1947లో జస్టిస్ రాజాధ్యక్ష తీర్పు వచ్చాక మామూలు పనివాళ్ళకి యాభై నాలుగు, గేటుమన్ లాంటివాళ్ళకి డెబ్బై అయిదు అయింది. గేటు తియ్యడం, వెయ్యడం మధ్య ఖాళీగా కూర్చోవడాన్ని విశ్రాంతి కింద లెక్కగట్టిన పెద్దమనుషులు, ఖాళీగా కూర్చుని నిద్ర ఆపుకోవడమంత కష్టం మరోటి లేదని ఎరగరు కాబోలు.

డ్రైవర్ల పని గంటల గొడవ మాత్రం అలా తెమలలేదు. పద్నాలుగు, పదహారు గంటలు ఇంజను మీద నిలబడిన మనిషి సిగ్నలు చూస్తాడా, కలలు చూస్తాడా? 1973 ఆగస్టులో లోకో సిబ్బంది సమ్మె చేస్తే, అప్పటి రైల్వే మంత్రి ఎల్.ఎన్. మిశ్రా పది గంటల డ్యూటీకి మాటిచ్చారు. ఆ మాట నిలబడలేదన్న కోపం 1974 మే 8న మొదలైన పెద్ద రైల్వే సమ్మెకి దారితీసిన కారణాల్లో ఒకటి. ఇరవై రోజుల ఆ సమ్మె గురించి రాసినవాళ్ళు బోనసూ, జీతాలూ, జార్జి ఫెర్నాండెజ్ అరెస్టూ రాశారు. నాకు మాత్రం అది సగం నిద్ర కోసం జరిగిన సమ్మెగానే కనిపిస్తుంది. మన చరిత్రలో తిండి కోసం ఎన్నో తిరుగుబాట్లు జరిగాయి. కంటినిండా నిద్ర కోసం జరిగిన పోరాటాలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

ఈ తారుమారు డ్యూటీలకి ఒళ్ళు అలవాటు పడదా అని మీరడగవచ్చు. అదే సందేహం 1938లో చికాగో విశ్వవిద్యాలయంలో నథానియల్ క్లైట్‌మన్ అనే ప్రొఫెసరుకి వచ్చింది. ఆయన తన శిష్యుడు బ్రూస్ రిచర్డ్‌సన్‌ని వెంటబెట్టుకుని, కెంటకీ రాష్ట్రంలో మామత్ గుహ అనే పెద్ద కొండగుహలోకి దిగాడు. ఎండ పొడ లేదు, కోడి కూత లేదు. ముప్ఫై రెండు రోజులు అక్కడే కాపురం. రోజుకి ఇరవై నాలుగు గంటలు కాకుండా ఇరవై ఎనిమిది గంటలని పెట్టుకుని, ఆ ప్రకారం లేవడం, పడుకోవడం. ఎలుకలూ పురుగులూ ఎక్కకుండా, మనం పాలబీరువా కాళ్ళకి నీళ్ళ గిన్నెలు పెట్టినట్టు, మంచం కోళ్ళని డబ్బాల్లో నిలబెట్టుకున్నారట. చివరికి తేలిందేమిటంటే, ఇరవైల్లో వున్న శిష్యుడి ఒళ్ళు కొత్త లెక్కకి లొంగింది. నలభై మూడేళ్ళ గురువుగారి ఒళ్ళు లొంగలేదు. ఒంటి వేడి పాత ఇరవై నాలుగు గంటల పద్ధతిలోనే ఎక్కుతూ దిగుతూ వచ్చింది. నలభై దాటినదాన్ని గనక ఆ గురువుగారి మీద నాకు ప్రత్యేకమైన అభిమానం.

లోపలి గడియారమన్నది కవుల ఊహ కాదు. ఒంటిలో కణకణానికీ అది వుంది. దాన్ని నడిపే జీన్ల గుట్టు విప్పిన ముగ్గురు శాస్త్రవేత్తలకి 2017లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ గడియారంలో అన్నిటికన్నా బరువైన వేళ తెల్లవారుఝాము మూడు నుంచి అయిదు. ఒంటి వేడి అట్టడుక్కి దిగే వేళ. 2012 మే 22న హుబ్లీ నుంచి మా గుంతకల్లు మీదుగా బెంగుళూరు వెళ్ళే హంపీ ఎక్స్‌ప్రెస్ పెనుకొండ స్టేషనులో ఆగి వున్న గూడ్సును ఢీకొని, పాతిక మంది దాకా పోయారు. టైము మూడు దాటి కొన్ని నిమిషాలు. ఎవరి తప్పన్నది నేను తేల్చే పని కాదు. నేను చూసేది ఆ టైమునే. భోపాలులో విషవాయువు లేచింది అర్ధరాత్రి, చెర్నోబిల్ పేలింది రాత్రి ఒంటిగంటన్నర ముందు. ఏళ్ళతరబడి రాత్రి డ్యూటీ చేస్తే కేన్సరు ముప్పు కూడా పెరగవచ్చునని అంతర్జాతీయ కేన్సరు పరిశోధన సంస్థ 2007లో చెప్పి, 2019లో మరోసారి చూసుకుని అదే మాట నిలబెట్టింది.

మగవాళ్ళ మెలకువకి సంతకాలూ, చట్టాలూ, సమ్మెలూ వున్నాయి. ఆడవాళ్ళ నిద్రకి మన దగ్గర వున్నది ఒక పాట. "ఊర్మిళాదేవి నిద్ర" మీ ఇళ్ళలో పెద్దవాళ్ళెవరైనా పాడితే విన్నారా? లక్ష్మణుడు అన్నగారి వెంట అడవికి వెళ్ళి పద్నాలుగేళ్ళు రెప్ప వెయ్యకుండా కాపలా కాస్తే, ఇక్కడ ఊర్మిళ ఆ పద్నాలుగేళ్ళూ నిద్రపోయింది. వాల్మీకిలో లేని ఈ కథని మన ఆడవాళ్ళు కల్పించి, తరాలపాటు పాడుకున్నారు. "లక్ష్మణదేవర నవ్వు" అని ఇంకో పాట వుంది. పట్టాభిషేకం వేళ నిండుసభలో నిద్రాదేవి పాత బాకీ వసూలుకి వచ్చి నిలబడితే లక్ష్మణుడు నవ్వాడనీ, ఎవరిమట్టుకు వాళ్ళు తమను చూసే నవ్వాడనుకుని ఉలిక్కిపడ్డారనీ కథ. అందరి కన్నా ముందు లేచి, అందరి కన్నా వెనక పడుకునే ఆడవాళ్ళు తీరిక చేసుకుని కట్టుకున్న కల పద్నాలుగేళ్ళ నిద్ర! వాళ్ళ ఆశలో అతిశయోక్తి వుందని నేననను.

మా సీమలో నిద్ర కూడా మొక్కే. కసాపురం నెట్టికంటి ఆంజనేయస్వామి గుంతకల్లుకి ఆనుకునే వున్నాడు. గుళ్ళ దగ్గర "నిద్ర చేసి వస్తాం" అని మొక్కుకోవడం మనవాళ్ళకి మామూలు. రాత్రుళ్ళు ఏదో ఎదమీదెక్కి కూర్చుంది, అరుద్దామంటే నోరు పెగల్లేదు, వేలు కదపలేకపోయాను అని భయపడిన పిల్లని స్వామి దగ్గరికి తీసుకువచ్చి తాయెత్తు కట్టిస్తారు. కలలు వచ్చే వేళ మన కండరాల్లో చాలావాటిని మెదడు వదులు చేసి కట్టేస్తుంది, లేకపోతే కలలో పరుగెత్తినప్పుడల్లా మంచం మీంచి దూకుతాం. ఒక్కోసారి ఆ కట్టు విప్పకముందే మెలకువ వచ్చేస్తుంది. అదీ ఆ దయ్యం. కలలు వచ్చే ఆ నిద్రని 1953లో బయటపెట్టింది కూడా గుహలో కాపురం చేసిన క్లైట్‌మన్ గారూ, ఆయన మరో శిష్యుడు అసెరిన్‌స్కీను. తాయెత్తు కడితే భయం తగ్గుతుంది, భయం తగ్గితే నిద్ర సర్దుకుంటుంది, కాబట్టి తాయెత్తుతో నాకు పోట్లాట లేదు.

ఇక మందుల మాట. చరకుడు ఆహారంతోపాటు నిద్రని కూడా శరీరాన్ని నిలబెట్టే మూడు ఊతల్లో ఒకటిగా చెప్పాడు. నిద్ర రానివాళ్ళకి ఆయన రాసిన చిట్టా చదివితే ఇప్పుడే ఆవలింత వస్తుంది. ఒళ్ళంతా నూనె మర్దనా, స్నానం, పెరుగన్నం, పాలు, నెయ్యి, ఒళ్ళు పిసికించుకోవడం, ఇంపైన వాసనలు, మనసుకి నచ్చిన మాటలు. ఇవన్నీ అమర్చిపెట్టే మనిషి ఒకరు ఇంట్లో వుండాలన్న విషయం మాత్రం చిట్టాలో రాయలేదు! మా అవ్వ కాలంలో ఇది అరికాళ్ళకి ఆముదం, మాడుకి నూనె, గసగసాల పాలు అన్నంత వరకు కుదించుకుపోయింది. వీటిలో హాని లేదు, హాయి వుంది. అదే గసగసాల చెట్టు కాయ పాలతో చేసే నల్లమందు సంగతి వేరు. బొంబాయి మిల్లుల్లో పనికి వెళ్ళే తల్లులు, షిఫ్టు అయ్యేదాకా పసిబిడ్డలు ఏడవకుండా వుండడానికి నల్లమందు కలిపిన చిన్న గోలీలు వేసేవారు. కొందరు బిడ్డలు లేవలేదు. తల్లి పని గంటలకి బిడ్డ నిద్రని సరిపెట్టవలసి వచ్చిన రోజులవి.

సర్పగంధిది ఇంకో తీరు. బీహారు వైపు పిచ్చికీ, నిద్రలేమికీ వాడే ఆ వేరు మీద 1931లో గణనాథ సేన్, కార్తీక్ చంద్ర బోస్ వ్యాసం రాశారు. రక్తపోటు తగ్గిస్తుందని లోకానికి తెలిసింది. 1952లో దాన్నుంచి రిసర్పిన్ అనే సారం తీశారు. కొన్నాళ్ళకి అది కొందరిని దిగులులోకి తోస్తోందనీ గమనించారు.

యూరపులో 1903లో వెరొనాల్ వచ్చింది, 1912లో లూమినాల్. ఇవి నిద్రపుచ్చేవి, మోతాదు దాటితే శాశ్వతంగా నిద్రపుచ్చేవి. మన ముందు తరం సీరియల్ నవలల్లో నాయిక నిద్రమాత్రల సీసా ఖాళీ చెయ్యని వారం అరుదు. మా కులవృత్తి గనక నేనేమీ అనను. 1963లో వేలియం వచ్చింది. ఇది అంత ప్రమాదం కాదన్నారు. అరవైల చివరి నుంచి ఎనభైల మొదటిదాకా అమెరికాలో అంతకన్నా ఎక్కువ అమ్ముడైన మందే లేదు. కొన్నవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు. ఇల్లాళ్ళు మింగే మాత్రల మీద ఇంగ్లండులో రోలింగ్ స్టోన్స్ అనే పాటగాళ్ళు 1966లోనే పాట కట్టారు. మన దగ్గర అదే మందు కాంపోజ్ అయింది. ఏ ఇంట్లోనైనా అల్మారా తీస్తే అమృతాంజనం పక్కన కాంపోజ్. ఆడది నిద్రపట్టడంలేదని డాక్టరు దగ్గరికి వెళితే "ఎందుకు పట్టడంలేదు?" అన్న ప్రశ్న కన్నా చీటీ ముందు చేతికి వచ్చేది. పాతకాలపు మాత్రలు వాడేవాళ్ళకి ఒక ముఖ్యమైన మాట. ఈ జాతి మాత్రలు రోజుల తరబడి ఒంట్లో నిలవుంటాయి. పెద్దవాళ్ళు తూలిపడి తుంటి విరగ్గొట్టుకుంటారు. వారాలు గడిస్తే మాత్ర లేనిదే కన్ను మూతపడదు. అలాగని ఈ రాత్రే ఠక్కున మానకండి. ఏళ్ళ తరబడి వాడినదాన్ని ఒక్కసారిగా మానితే ఫిట్స్ కూడా రావచ్చు. డాక్టరు చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించుకోవాలి.

నిద్రపట్టకపోవడానికి కారణం మనసే అని సరిపెట్టేస్తే దొంగ దొరకడు. గురక చూడండి. గురకంటే మనకి హాస్యం. గొంతులో దారి మూసుకుపోయి, ఊపిరి ఆగి, మెదడు ఉలిక్కిపడి లేచి, మళ్ళీ ఊపిరి లాగడం, రాత్రికి వందసార్లు కావచ్చు. ఈ జబ్బుని 1965లో ఫ్రాన్సులోనూ, జర్మనీలోనూ పసిగట్టారు. 1981లో సిడ్నీలో కోలిన్ సలివన్ అనే డాక్టరు, ఇల్లు శుభ్రం చేసే వాక్యూం క్లీనరు మోటారుని తిరగేసి, గాలి లాగే బదులు ఊదేట్టు చేసి, ముక్కుకి తగిలించి మొదటి చికిత్స చేశాడు. ఆడవాళ్ళలో గురక తక్కువగా వినిపిస్తుంది, అలసటా తలనొప్పీ ఎక్కువగా కనిపిస్తాయి. దాంతో "నెలసరి ఆగే వయసు గదమ్మా" అని పంపేస్తారు. ఆ వయసుకే ఈ జబ్బు ఎక్కువవుతుందన్న సంగతి అడిగితే గాని చెప్పరు.

కాళ్ళు పీకడం ఇంకోటి. పడుకోగానే పిక్కల్లో ఏదో పాకుతున్నట్టు, కదపకుండా వుండలేనట్టు. లేచి నడిస్తే నెమ్మది. మా అవ్వ పిల్లలమైన మమ్మల్ని కాళ్ళు తొక్కమనేది. స్వీడన్‌లో ఎక్‌బోమ్ అనే డాక్టరు 1945లో దీన్ని వివరించాడు. ఒంట్లో ఇనుము తగ్గడానికీ దీనికీ బంధుత్వం వుంది. రక్తహీనత ఇంటింటా వున్న మన ఆడవాళ్ళు నిద్రమాత్ర అడిగే ముందు రక్తపరీక్ష అడగడం మంచిది.

ఇవేవీ లేకుండా, వారానికి మూడు రాత్రుల చొప్పున మూడు నెలలు నిద్ర దూరమైతే దాన్ని ముదిరిన నిద్రలేమి అంటారు. నూటికి పదిమంది పెద్దవాళ్ళకి వుంటుందని అంచనా. మగవాళ్ళకన్నా మనకే ఎక్కువ. దీనికి మాత్రకన్నా ముందు చెయ్యవలసిన చికిత్స మాత్ర లేనిదేనని అమెరికా వైద్యుల కాలేజీ 2016లో తేల్చిచెప్పింది. వింటే నవ్వొస్తుంది. నిద్రపట్టనివాళ్ళు త్వరగా పడుకోకూడదట! 1972లో బూట్‌జిన్ అనే ఆయన చెప్పినదేమిటంటే, మంచం మీద పడుకుని రోజూ దొర్లితే మంచానికీ నిద్రకీ వున్న కాపురం చెడుతుంది. మంచం చూస్తేనే మెలకువ వస్తుంది. కాబట్టి నిద్ర ముంచుకొచ్చేదాకా మంచమెక్కకూడదు. పావుగంట, ఇరవై నిమిషాలు దాటినా పట్టకపోతే లేచి వేరే గదిలోకి పోవాలి. ఎప్పుడు పట్టినా పొద్దున మాత్రం ఒకే టైముకి లేవాలి. మధ్యాహ్నం కునుకు బంద్. స్పీల్‌మన్ అనే మరో ఆయన 1987లో ఇంకా కఠినమైన చిట్కా చెప్పాడు. ఎనిమిది గంటలు మంచం మీదుండి అయిదున్నర గంటలే నిద్రపోతున్నారా? మంచం మీద వుండేది అయిదున్నర గంటలే చెయ్యండి. ఆకలి పెంచితే అన్నం రుచించినట్టు, నిద్రాకలి పెరుగుతుంది. అప్పుడు పావుగంట చొప్పున పెంచుకుంటూ పోవచ్చు. మొదటి రెండు వారాలు నరకం. ఫిట్స్ వున్నవాళ్ళు, బండ్లు నడిపేవాళ్ళు డాక్టరు కనుసన్నల్లో తప్ప చెయ్యకూడదు. ఇంట్లో అయిదు గంటలలోపుకి ఎవరూ తగ్గించవద్దు.

ఈ చికిత్సకి మొదటి మెట్టు నిద్ర డైరీ. రెండు వారాలపాటు ఎన్నింటికి పడుకున్నదీ, ఎన్నిసార్లు లేచిందీ, ఎందుకు లేచిందీ రాయాలి. మా బంధువులమ్మాయి ఒకతె వుంది. భర్త గూడ్సు రైలు లోకో పైలట్, మన వెనకటి డ్రైవరే. ఇప్పుడు లాంతరుతో కాల్ బాయ్ రాడు, ఫోను మోగుతుంది. ఏడాదిగా నిద్రపట్టడంలేదని, మాత్రలు అలవాటవుతున్నాయని భయపడి, డాక్టరు చెబితే డైరీ రాసింది. నాకు చూపించింది. "ఎందుకు లేచారు?" అన్న గడిలో వరసగా ఇలా వుంది. ఆయన కాల్. కొళాయి నీళ్ళు. పాప దగ్గు. ఆయన కాల్. అత్తయ్యని బాత్రూముకి. కొళాయి నీళ్ళు. ఆయన ఫోను, వేరేవాళ్ళ కాల్ పొరపాటున. ఊరికే మెలకువ. పాప. కొళాయి నీళ్ళు. పద్నాలుగు రాత్రుల్లో "ఊరికే మెలకువ" ఒక్కసారే వచ్చింది.

డైరీ చూసిన లేడీ డాక్టరు చాలాసేపు కాగితం తిప్పుతూ కూర్చుందట. "నీకు నిద్రపట్టని జబ్బు ఒక్క రాత్రే వుందమ్మా" అని, మందు చీటీ రాయకుండా, "ఈసారి మీ ఆయన్ని తీసుకురా" అందట.

ఆయన వెళ్ళాడు. మర్నాటి నుంచి ఫోను ఈవిడ తలాపి నుంచి ఆయన తలగడ కిందికి మారింది. రాత్రి మూడింటి కాల్ అయితే క్యారియరు ముందురోజు సాయంత్రమే సర్ది పెడుతున్నారు, ఒక్కోసారి ఆయనే. అత్తగారి గదికి రాత్రి దీపమూ, పట్టుకునేందుకు గోడకో కమ్మీ పెట్టించారు. కొళాయి మాత్రం ఇంకా రాత్రి ఒంటిగంటకే వస్తోంది. దానికి లేచేది ఇప్పుడు వంతులవారీగా అని అమ్మాయి చెప్పింది. తన వంతు రాని రాత్రులు డైరీలో ఎర్ర సిరాతో రాసుకుంటోంది.